1066లో నార్మన్లు వేల్స్, స్కాట్లాండ్, ఐర్లాండ్‌లను కూడా గెలిచారా? మరి బ్రూస్ నార్మన్ ఎలా అయ్యాడు?

మీ ప్రశ్నలో రెండు ముక్కలున్నాయి. 1066లో ఫ్రాన్సు ఉత్తర తీరంలోని నార్మండీ నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లాండును గెలిచారు కదా, పక్కనున్న వేల్స్, స్కాట్లాండ్, ఐర్లాండ్ కూడా ఆ దెబ్బతోనే వాళ్ళ చేతిలోకి పోయాయా అన్నది మొదటిది. పోకపోతే, ఇంగ్లాండు మీద తిరగబడి గెలిచిన స్కాట్లాండ్ రాజు రాబర్ట్ బ్రూస్‌ది నార్మన్ ఇంటిపేరు ఎలా అయింది అన్నది రెండోది.

ముందు సూటిగా జవాబు. 1066లో పోయింది ఇంగ్లాండు ఒక్కటే. వేల్స్ పూర్తిగా లొంగడానికి ఇంకో 216 ఏళ్ళు పట్టింది. ఐర్లాండ్‌లో వాళ్ళు కాలు పెట్టింది 103 ఏళ్ళ తర్వాత, అదీ అక్కడి రాజొకడు రమ్మంటే. స్కాట్లాండ్‌ను అసలు గెలవనే లేదు. అక్కడి రాజే వాళ్ళని పిలిచి, భూములిచ్చి కూర్చోబెట్టుకున్నాడు. బ్రూస్ పూర్వీకుడు అలా వచ్చినవాడే.

నేను డిగ్రీ కాలేజీలో ఇరవై ఆరేళ్ళు చరిత్ర చెప్పి రిటైరయ్యాను. మొదట్లో నేను కూడా "1066 – బ్రిటన్‌పై నార్మన్ల విజయం" అనే నోట్సు చెప్పినదాన్నే. మా సారు నాకు అలా చెప్పారు, నేను పిల్లలకి అలాగే దించాను. ఒకసారి సెకండియర్ అమ్మాయి లేచి, "మేడమ్, బ్రిటన్ అంటే వేల్స్, స్కాట్లాండ్ కూడా కదా, అక్కడ ఏ యుద్ధం జరిగింది?" అని అడిగింది. రేపు చెబుతానమ్మా అన్నాను. ఆ రేపు రావడానికి నాకు చాలా ఏళ్ళే పట్టింది. తర్వాత మా అమ్మాయి బ్రిస్టల్‌లో ఉద్యోగంలో చేరడం, నేను వెళ్ళి నెలల తరబడి ఉండడం, సెవర్న్ నది మీద వంతెన దాటితే వచ్చే చెప్‌స్టో కోటకి నాలుగైదుసార్లు పోవడం జరిగాయి. నేను పుస్తకాల్లో విడివిడిగా చదివిన సంగతులన్నీ ఆ ఒక్క కోటలో ముడిపడి కనిపించాయి. అందుకే కింద ఆ కోట పేరు మళ్ళీ మళ్ళీ వస్తుంది, విసుక్కోకండి.

ఇంగ్లాండు ఒక్క దెబ్బకే ఎందుకు పడిపోయింది?

తేదీలు మీకు తెలిసే ఉంటాయి. 1066 జనవరి 5న ఇంగ్లాండు రాజు ఎడ్వర్డ్ సంతానం లేకుండా చనిపోయాడు. మర్నాడే అతని బావమరిది హెరాల్డ్ కిరీటం పెట్టుకున్నాడు. సెప్టెంబరు 25న ఉత్తరాన స్టాంఫర్డ్ బ్రిడ్జి దగ్గర నార్వే రాజును ఓడించాడు. మూడు రోజులకే దక్షిణాన పెవెన్సీ ఒడ్డున నార్మండీ డ్యూక్ విలియం దిగాడు. అక్టోబరు 14న హేస్టింగ్స్ దగ్గర హెరాల్డ్, అతని తమ్ముళ్ళు ఇద్దరూ ఒకే రోజు చచ్చిపోయారు. క్రిస్మస్ రోజున వెస్ట్‌మినిస్టర్‌లో విలియం పట్టాభిషేకం. లోపల జనం జయజయధ్వానాలు చేస్తే, ఆ భాష తెలియని నార్మన్ కాపలావాళ్ళు బయట తిరుగుబాటు అనుకుని చుట్టుపక్కల ఇళ్ళకి నిప్పు పెట్టారట. కొత్త రాజుకీ ప్రజలకీ మధ్య సంసారం ఎలా మొదలైందో ఆ ఒక్క ఘట్టం చాలు చెప్పడానికి.

విలియంతో వచ్చిన సైన్యం ఏడు వేలకు అటూ ఇటూ అని అంచనా. ఇంగ్లాండు జనాభా పదిహేను, ఇరవై లక్షలు ఉండొచ్చంటారు. ఏడు వేల మంది ఇంత దేశాన్ని ఎలా పట్టుకున్నారు? నార్మన్ల గుర్రాలు, కోటలు, విల్లంబులు అని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. నిజమే గానీ అది సగమే. అవే గుర్రాలు, అవే కోటలు పక్కనున్న వేల్స్‌లో రెండు శతాబ్దాలు ఈడ్చాయి కదా! తేడా గెలిచినవాడిలో లేదు, ఓడినవాడి ఇంట్లో ఉంది.

అప్పటికి ఇంగ్లాండు మంచి కట్టుదిట్టమైన రాజ్యం. దేశమంతా షైర్లు, అంటే మన జిల్లాల్లాంటివి. షైర్ల కింద హండ్రెడ్లు. ప్రతి షైరుకీ రాజుగారి తరఫున ఒక షెరిఫ్. ఏ ఊరికి ఎంత శిస్తు అనేది ముందే లెక్కగట్టి ఉంది. దేశమంతటా రాజు బొమ్మ ఉన్న నాణెమే చెల్లుతుంది. రాజు ఒక చిన్న ఉత్తర్వు రాసి ముద్ర వేసి పంపితే మారుమూల సభలో చదివి వినిపిస్తారు, అది అమలవుతుంది. ఇంత చక్కగా ఒక చేతికింద నడిచే ఇల్లు ఏమవుతుంది? ఆ తాళంచెవుల గుత్తి ఎవరి మొలలో ఉంటే ఇల్లు వాళ్ళది. విలియం చేసింది గుత్తి లాక్కోవడమే. తాళాలూ గదులూ ఇంగ్లీషువాళ్ళు చేసి పెట్టినవే.

దీనికి నాకు బాగా నచ్చిన సాక్ష్యం ఒకటుంది. 1067 ప్రాంతంలో విలియం లండన్ నగరానికి ఇచ్చిన ఉత్తర్వు ఇప్పటికీ లండన్‌లోనే భద్రంగా ఉంది. చిన్న తోలు ముక్క, అంతే. అందులో కొద్ది వాక్యాలు మాత్రమే. లండన్‌లో ఉన్న "ఫ్రెంచివాళ్ళకీ ఇంగ్లీషువాళ్ళకీ" స్నేహపూర్వకంగా తెలియజేసేది ఏమనగా, ఎడ్వర్డ్ రాజు కాలంలో మీకున్న న్యాయాలన్నీ అలాగే ఉంటాయి, తండ్రి పోయాక ఆస్తి బిడ్డకే వస్తుంది, మీకు ఎవరు అన్యాయం చేసినా నేను సహించను అని. ఇది రాసింది ఏ భాషలో అనుకుంటున్నారు? ఫ్రెంచి కాదు, లాటినూ కాదు. ఇంగ్లీషులో. గెలిచినవాడు ఓడినవాళ్ళ ఆఫీసునీ, గుమాస్తాలనీ, వాళ్ళ రాత పద్ధతినీ యథాతథంగా వాడుకున్నాడు. ఒక నాలుగేళ్ళు పోయాక గానీ ఉత్తర్వులు లాటిన్‌లోకి మారలేదు.

1085 క్రిస్మస్‌కి గ్లోస్టర్‌లో కొలువుతీరి దేశమంతా సర్వే చేయించాలని విలియం నిర్ణయించాడు. అదే డూమ్స్‌డే బుక్. 13,000కు పైగా ఊళ్ళ వివరాలు అందులో ఉన్నాయి. ఈ భూమి ఎడ్వర్డ్ రాజు చనిపోయిననాడు ఎవరిది, ఇప్పుడు ఎవరిది, ఎన్ని నాగళ్ళు, ఎన్ని మిల్లులు, ఎంత విలువ అనేవి ప్రశ్నలు. ఆ రెండు గళ్ళ మధ్య తేడా చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ఇరవై ఏళ్ళలో పెద్ద భూస్వాముల పేర్లన్నీ మారిపోయాయి. రాజు దగ్గర నేరుగా పెద్ద ఎస్టేటు పొందినవాళ్ళలో ఇంగ్లీషువాళ్ళు 1086 నాటికి ఇద్దరే మిగిలారు: ఆర్డెన్ వాసి థర్కిల్, లింకన్ వాసి కోల్స్‌వెయిన్.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఒక్క దెబ్బకి పడిపోయింది అంటే రక్తం చిందకుండా అని కాదు. 1069–70 చలికాలంలో ఉత్తరాన తిరుగుబాట్లు అణచడానికి విలియం యార్క్‌షైర్ ప్రాంతాన్ని ఊళ్ళకి ఊళ్ళే తగలబెట్టించాడు. ధాన్యం, పశువులు, నాగళ్ళు ఏదీ మిగల్చలేదు. పదహారేళ్ళ తర్వాత తీసిన డూమ్స్‌డే లెక్కల్లో కూడా అక్కడి ఊరి తర్వాత ఊరికి "బీడు" అనే మాట కనిపిస్తుంది. ఆర్డెరిక్ విటాలిస్ అనే సన్యాసి, తండ్రి ఫ్రెంచి, తల్లి ఇంగ్లీషు, ఆ కరువులో లక్షమంది పోయారని రాశాడు. అంకెని అక్షరాలా నమ్మక్కర్లేదు. కానీ విలియంని చాలాచోట్ల మెచ్చుకున్న మనిషే, ఈ ఒక్క పనికి మాత్రం మెచ్చుకోలేను అన్నాడు. అది నమ్మాలి.

వేల్స్: లొంగడానికి ఒక్క రాజంటూ ఉంటే కదా

వేల్స్ మొత్తాన్ని ఒకే చేతికింద ఏలిన రాజు గ్రిఫిద్ ఆప్ లివెలిన్. అతణ్ణి 1063లో, హెరాల్డ్ దండెత్తి తరుముతుంటే, సొంతవాళ్ళే చంపేశారు. ఆ తర్వాత మళ్ళీ ఎవరి కొండ వాళ్ళది. అక్కడ తండ్రి ఆస్తి కొడుకులందరికీ పంపకం. కాబట్టి వారసుల మధ్య ఎప్పుడూ కత్తులే. బయటివాడికి ఇది తేలికనిపిస్తుంది గానీ, నిజానికి పెద్ద తలనొప్పి. ఒక రాజును చంపితే అతని తమ్ముడుంటాడు. తమ్ముణ్ణి కొంటే పినతండ్రి కొడుకు కొండల్లోంచి దిగుతాడు. దేశం తరఫున ఓటమి ఒప్పుకుని సంతకం పెట్టే మనిషే లేడు.

అందుకని విలియం తానుగా వేల్స్ మీద పెద్ద యుద్ధానికి పోలేదు. సరిహద్దు పొడవునా ముగ్గురు నమ్మకస్తుల్ని పెట్టాడు: చెస్టర్‌లో హ్యూ, ష్రూస్‌బరీలో రోజర్ మాంట్‌గోమరీ, హెరెఫర్డ్‌లో విలియం ఫిట్జ్ ఆస్బర్న్. అటువైపు ఎంత లాక్కుంటే అంత మీది అన్నట్టు వదిలేశాడు. వీళ్ళనీ వీళ్ళ తర్వాతివాళ్ళనీ మార్చర్ ప్రభువులు అంటారు. మన పాళెగాళ్ళని గుర్తు తెచ్చుకుంటే కొంత అర్థమవుతుంది. సొంత కోట, సొంత కోర్టు, పక్కవాడి మీద సొంతంగా యుద్ధం చేసే హక్కు. ఇంగ్లాండు రాజు ఉత్తర్వు ఆ ప్రాంతంలో చెల్లదు. ఈ ఏర్పాటు 1536 దాకా నడిచింది!

చెప్‌స్టో కోటని 1067లో మొదలుపెట్టింది ఆ ఫిట్జ్ ఆస్బర్నే. వై నది పక్కన నిట్టనిలువు రాతి గట్టు. దాని అంచున గోడలు. నది ఈవల వేల్స్, ఆవల ఇంగ్లాండు. సముద్రం పోటు వచ్చినప్పుడు నీళ్ళు గట్టు దాకా ఎగదన్నుతాయి, పోయాక అంతా బురద. కోట మధ్యలో పాత పెద్ద గోపురం ఉంది. దాని గోడకి అడ్డంగా ఎర్రటి పెంకుల పట్టీ ఒకటి కనిపిస్తుంది. మొదటిసారి చూసినప్పుడు ఎవరో తర్వాత రిపేరు చేశారనుకున్నాను. కాదట, అవి రోమన్ల కాలపు పెంకులు. దగ్గర్లోని కేర్వెంట్ అనే పాడుబడ్డ రోమన్ పట్నం నుంచి తెచ్చి ఉంటారంటారు. ఆ గోపురం ఫిట్జ్ ఆస్బర్న్ కట్టిందా, కొన్నేళ్ళ తర్వాత రాజే కట్టించాడా అన్నదాని మీద పండితుల్లో వాదన ఉంది. ఎవరు కట్టించినా, "మేం రోమన్ల వారసులం" అని గోడమీద రాసుకున్నట్టే ఉంది.

దక్షిణ వేల్స్ రాజు రీస్ ఆప్ ట్యూడర్ ఏడాదికి 40 పౌండ్లు కట్టినట్టు డూమ్స్‌డేలో ఉంది. అంటే విలియం అతణ్ణి తీసేయలేదు, కప్పం తీసుకుని ఉండనిచ్చాడు. 1093లో రీస్ యుద్ధంలో చచ్చిపోగానే కట్ట తెగినట్టు నార్మన్లు దక్షిణ వేల్స్‌లోకి దిగిపోయారు. పెంబ్రోక్ కోట అప్పటిదే. తర్వాత విలియం కొడుకు, ఇంగ్లాండు రాజు మొదటి హెన్రీ అక్కడికి ఫ్లాండర్స్ (ఇప్పటి బెల్జియం ప్రాంతం) నుంచి వలసవాళ్ళని తెచ్చి పెట్టాడు. పెంబ్రోక్‌షైర్ దక్షిణ భాగంలో ఊళ్ళ పేర్లు ఇంగ్లీషువి, ఉత్తర భాగంలో వెల్ష్‌వి. ఆ గీత ఇవాళ్టికీ మ్యాపులో కనిపెట్టొచ్చు.

అయితే పట్టుకున్నది ఎక్కువగా మైదానం, తీరం, నదీలోయలే. కొండలెక్కితే వెల్ష్‌వాళ్ళు, వాళ్ళ చట్టం. ఒకే ప్రభువు కింద పల్లంలో ఇంగ్లీషు న్యాయం, మెరకలో వెల్ష్ న్యాయం నడిచిన చోట్లు ఎన్నో. ఇలా ముందుకీ వెనక్కీ ఊగుతూ 1282 దాకా సాగింది. ఆ డిసెంబరు 11న బిల్త్ దగ్గర లివెలిన్ ఆప్ గ్రిఫిద్ చచ్చిపోయాక అప్పటి ఇంగ్లాండు రాజు మొదటి ఎడ్వర్డ్ ఉత్తర వేల్స్‌ని మింగేశాడు. మీరు ఫోటోల్లో చూసే కార్నార్వన్, కాన్వీ, హార్లెక్ కోటలు ఎడ్వర్డ్ కట్టించినవి. వాటిని నార్మన్ కోటలు అనకండి, రెండువందల ఏళ్ళ తేడా ఉంది. ఈ పొరపాటు పరీక్ష పేపర్లలో నేను లెక్కలేనన్నిసార్లు దిద్దాను.

రీస్ కూతురు నెస్ట్ సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. తండ్రిని చంపినవాళ్ళ వర్గంలోనే, పెంబ్రోక్ కోట అధికారి జెరాల్డ్‌కి ఆమెనిచ్చి పెళ్ళి చేశారు. మొదటి హెన్రీ వల్ల కూడా ఒక కొడుకున్నాడు. 1109లో ఒక వెల్ష్ యువరాజు ఆమెను కోటలోంచి ఎత్తుకుపోయాడు, దానితో పెద్ద గొడవే అయింది. ఆమె సంతానం, మనవలు కలిసి ఒక చిన్న సైన్యమంత. సగం నార్మన్, సగం వెల్ష్. పేరులో "ఫిట్జ్" అంటే ఫలానావాడి కొడుకు అని. వీళ్ళ పేర్లు గుర్తుంచుకోండి, ఐర్లాండ్‌కి పోయేది వీళ్ళే.

స్కాట్లాండ్: గెలవలేదు, పిలిస్తే వచ్చారు

స్కాట్లాండ్ రాజు మూడో మాల్కం, ఇంగ్లాండు నుంచి పారిపోయి వచ్చిన పాత రాజవంశపు ఆడపడుచు మార్గరెట్‌ని పెళ్ళాడాడు. తర్వాత సరిహద్దు దాటి దోచుకుంటూ పోయేవాడు. 1072లో విలియం సైన్యంతో అబర్నెతి దాకా వెళితే వంగి దణ్ణం పెట్టాడు, వెనక్కి పోగానే మళ్ళీ మామూలే. చివరికి 1093లో ఆన్‌విక్ దగ్గర చచ్చిపోయాడు. విలియం అక్కడ భూములు లాక్కుని ఎవరికీ పంచలేదు.

అసలు కథ పెళ్ళితో మొదలైంది. మాల్కం–మార్గరెట్‌ల కూతురు మటిల్డాని 1100లో ఇంగ్లాండు రాజు మొదటి హెన్రీ చేసుకున్నాడు. విలియం కొడుక్కి పాత ఇంగ్లీషు రాజరక్తం కలిసిందన్నమాట. నార్మన్ ప్రభువులకి ఇది నచ్చక రాజునీ రాణినీ "గాడ్రిక్, గాడ్గిఫూ" అని వెనకాల వెక్కిరించేవాళ్ళట. అవి పక్కా ఇంగ్లీషు నాటు పేర్లు. మన దగ్గర పట్నం పెళ్ళివారు "ఎల్లయ్యా, పుల్లమ్మా" అని నవ్వుకున్నట్టు. తమాషా ఏమిటంటే, వెక్కిరించినవాళ్ళ పేర్లే నెగ్గాయి. నూరేళ్ళు తిరిగేసరికి ఇంగ్లీషు రైతులు కూడా పిల్లలకి విలియం, రాబర్ట్, రిచర్డ్ అని పెట్టుకోవడం మొదలుపెట్టారు. గాడ్రిక్‌లు మాయమైపోయారు.

రాణి తమ్ముడు డేవిడ్ బావగారింట్లో, అంటే హెన్రీ కొలువులో పెరిగాడు. అక్కడి మర్యాదలు, యుద్ధవిద్య, పరిపాలన అన్నీ నేర్చాడు. హంటింగ్‌డన్ ఎస్టేటుకి వారసురాలిని పెళ్ళాడి ఇంగ్లాండులో కూడా పెద్ద ప్రభువయ్యాడు. 1124లో అన్న చనిపోతే స్కాట్లాండ్ రాజయ్యాడు. సింహాసనం ఎక్కిన కొత్తల్లోనే రాబర్ట్ బ్రూస్ అనే నార్మన్‌కి అనన్‌డేల్ లోయ మొత్తం రాసిచ్చాడు. ఇదిగో మీ బ్రూస్ పూర్వీకుడు. ఆ ఇంటిపేరు నార్మండీలో కొటాంటాన్ ద్వీపకల్పంలోని బ్రీ అనే ఊరి నుంచి వచ్చింది. ఆ శాసనాన్ని డేవిడ్ ఎవరిని సంబోధిస్తూ రాశాడో తెలుసా? తన ప్రజలు, "ఫ్రెంచివాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు" అని. అక్కడి పాత భాష గేలిక్ మాట్లాడే దేశానికి రాజు రాసిన మాట ఇది!

ఎందుకు పిలిచాడు? డేవిడ్‌కి ఇంట్లోనే పోటీదారులున్నారు. ముఖ్యంగా ఉత్తరాన మోరే ప్రాంతంలో 1130లో పెద్ద తిరుగుబాటు జరిగింది. పాత బంధువర్గాల మీద ఆధారపడకుండా, తానిచ్చిన భూమి తింటూ తనకే కట్టుబడి ఉండే గుర్రపు యోధులు అతనికి కావాలి. దాంతోపాటు బెర్విక్, రాక్స్‌బరా, ఎడిన్‌బరా లాంటి వర్తక పట్నాలు, మెల్‌రోజ్, హోలీరూడ్ లాంటి మఠాలు. స్కాట్లాండ్ రాజు పేరున మొదటి నాణేలు పడింది కూడా ఇతని కాలంలోనే. వాల్టర్ ఫిట్జ్ ఆలన్ అనే అతణ్ణి తెచ్చి రాజగృహానికి స్టివార్డ్‌గా, అంటే ఇంటి వ్యవహారాలు చూసే అధికారిగా పెట్టాడు. ఇతను నార్మన్ కూడా కాదు, ఫ్రాన్సు పడమటి కొసనున్న బ్రిటనీ మూలాలవాడు. ఆ ఉద్యోగం పేరే ఇంటిపేరై, తర్వాతి కాలంలో స్టువర్ట్ రాజవంశమైంది.

కానీ ఫోర్త్ నదికి ఉత్తరాన పాత గేలిక్ ప్రభువులు చాలామంది వాళ్ళ స్థానాల్లోనే ఉండిపోయారు. ఇంగ్లాండులోలాగా పేర్లన్నీ కొట్టేసి కొత్తవి రాయలేదు. కొత్తవాళ్ళు, పాతవాళ్ళు పక్కపక్కన కూర్చున్నారు, పిల్లనిచ్చి పుచ్చుకున్నారు.

రెండు రాజ్యాల్లోనూ భూములుంటే ఏమవుతుందో 1138 చెబుతుంది. డేవిడ్ యార్క్‌షైర్ మీదికి దండెత్తాడు. మన రాబర్ట్ బ్రూస్‌కి యార్క్‌షైర్‌లో కూడా పెద్ద ఆస్తి ఉంది. నార్త్‌అలర్టన్ దగ్గర రెండు సైన్యాలు ఎదురుపడ్డప్పుడు ముసలి బ్రూస్ డేవిడ్ దగ్గరికి వెళ్ళి, ఎవరి అండతో ఇన్నాళ్ళూ నిలబడ్డావో వాళ్ళ మీదికే వస్తావా అని బతిమాలాడని ఎయిల్రెడ్ అనే మఠాధిపతి రాశాడు. రాజు వినలేదు. బ్రూస్ తన విధేయతని వదులుకుని ఇంగ్లాండు వైపు నిలబడ్డాడు. అనన్‌డేల్ మాత్రం చిన్న కొడుకు చేతిలో, స్కాట్లాండ్ వైపే ఉండిపోయింది. డేవిడ్ యుద్ధం ఓడిపోయినా, భూమి మాత్రం రెండు పక్కలా బ్రూస్‌లదే. ఆ రోజుల్లో తెలివైన కుటుంబాలు చేసిన పని ఇదే.

ఐర్లాండ్: ఇల్లరికం

1166లో లెన్‌స్టర్ రాజు డర్మట్ మెక్‌మరోని శత్రువులు దేశం నుంచి వెళ్ళగొట్టారు. అతను సముద్రం దాటి ఇంగ్లాండు రాజు రెండో హెన్రీని వెతుక్కుంటూ ఫ్రాన్సు దాకా పోయాడు. హెన్రీకి తీరిక లేదు, "నా మనుషుల్లో ఎవరైనా నీకు సాయం వస్తానంటే నాకు అభ్యంతరం లేదు" అన్నట్టు ఒక ఉత్తరం ఇచ్చాడు. దాన్ని పట్టుకుని డర్మట్ బ్రిస్టల్‌కీ, దక్షిణ వేల్స్‌కీ వచ్చాడు.

అక్కడ దొరికాడు రిచర్డ్ డి క్లేర్. స్ట్రాంగ్‌బో అనే మారుపేరు చెబితే మీకు తెలుస్తుంది. ఇతను చెప్‌స్టో ప్రభువు! పెంబ్రోక్ ఎర్ల్ అనే తండ్రి బిరుదుని రెండో హెన్రీ ఇతనికి ఒప్పుకోలేదు. రాజు దగ్గర పరపతి లేదు, ఎదుగుదల లేదు. డర్మట్ బేరం పెట్టాడు: నా కూతురు ఈఫాని ఇస్తాను, నా తర్వాత రాజ్యం నీది. ఇది మన భాషలో అచ్చంగా ఇల్లరికం. పైగా ఐరిష్ ఆచారం ప్రకారం రాజ్యం అల్లుడికి పోవడం అనేదే లేదు, అది రాజకుటుంబంలోని మగవాళ్ళ మధ్య తేల్చుకునే వ్యవహారం. డర్మట్ తనది కాని హక్కుని కట్నంగా ఇచ్చాడన్నమాట.

1169 మేలో బానో అఖాతంలో ముందుగా దిగింది నెస్ట్ కొడుకు రాబర్ట్ ఫిట్జ్ స్టీఫెన్. కొన్ని పదుల మంది యోధులు, మూడొందల మంది దాకా విలుకాళ్ళు. వేల్స్ కొండల్లో దశాబ్దాలు నలిగినవాళ్ళు కాబట్టి అడవి యుద్ధం వీళ్ళకి కొత్త కాదు. మరుసటి ఏడాది ఆగస్టులో స్ట్రాంగ్‌బో స్వయంగా వచ్చి వాటర్‌ఫర్డ్ పట్టుకున్నాడు, ఆ పట్నంలోనే ఈఫాతో పెళ్ళి అయింది, సెప్టెంబరులో డబ్లిన్ చేతికొచ్చింది. 1171లో మామ చనిపోయాడు.

అప్పుడు ఉలిక్కిపడింది ఐరిష్ రాజులే కాదు, హెన్రీ కూడా. తన సామంతుడు పక్క దీవిలో సొంత రాజ్యం పెడితే? 1171 అక్టోబరు 17న పెద్ద సైన్యంతో తానే దిగాడు. స్ట్రాంగ్‌బో తెలివిగా గెలిచినదంతా రాజు పాదాల దగ్గర పెట్టి తిరిగి పుచ్చుకున్నాడు. ఐరిష్ రాజులు కూడా చాలామంది వచ్చి హెన్రీకి లొంగారు, ఈ ప్రభువుల ఆగడాల కంటే దూరపు రాజు నయం అనుకుని ఉంటారు. కాబట్టి ఐర్లాండ్‌లో రాజు దండయాత్ర తన మనుషుల వెనకాల పోయింది, వాళ్ళ ముందు కాదు. ఇది గుర్తుపెట్టుకుంటే మిగతాది దానంతటదే అర్థమవుతుంది.

మా అమ్మాయి ఇంటికి నడిచే దూరంలోనే బ్రిస్టల్ పాత రేవు. ఆ రేవు చరిత్ర చదివాక అటు పోయినప్పుడల్లా నాకు ఒకటి గుర్తొచ్చేది. నార్మన్లు వచ్చిన కొత్తల్లో కూడా అక్కడి వర్తకులు ఇంగ్లీషు ఆడాళ్ళనీ మగాళ్ళనీ తాళ్ళతో కట్టి ఐర్లాండ్‌కి బానిసలుగా అమ్మేవాళ్ళు. వుస్టర్ బిషప్ వుల్ఫ్‌స్టన్, ఇంగ్లీషువాడైనా పదవిలో మిగిలినవాడు, బ్రిస్టల్‌కి వచ్చి పదే పదే ప్రసంగాలు చేసి ఆ వ్యాపారాన్ని మాన్పించాడు. నార్మన్ల పాలనలో ఇంగ్లాండులో బానిసత్వం క్రమంగా పోయింది. వాళ్ళ ఖాతాలో మంచి అని రాయదగ్గవాటిలో ఇదొకటి. 1170లో స్ట్రాంగ్‌బో మనుషులు ఊళ్ళు పట్టుకుంటుంటే, ఐరిష్ మతగురువులు ఆర్మాలో కూడి, ఇంగ్లీషువాళ్ళని బానిసలుగా కొన్న పాపానికి దేవుడు వేసిన శిక్ష ఇది అని తేల్చి, ఉన్న బానిసల్ని విడిచిపెట్టమన్నారట. ఈ సంగతి రాసిన జెరాల్డ్, నెస్ట్ భర్త కాదు, అదే పేరున్న ఆమె మనవడు, ఆక్రమించినవాళ్ళ పక్షం మనిషి. అది కూడా లెక్కలో పెట్టుకుని చదవాలి.

ఐర్లాండ్ కూడా పూర్తిగా ఎప్పుడూ లొంగలేదు. సగం గెలిచి వదిలేసిన దేశం. స్థిరపడ్డవాళ్ళు రెండు మూడు తరాల్లో గేలిక్ మాట్లాడడం, ఐరిష్ కవుల్ని పోషించడం మొదలుపెట్టారు. 1366లో కిల్‌కెనీలో చట్టం చేయాల్సి వచ్చింది: ఇంగ్లీషువాళ్ళు ఇంగ్లీషే మాట్లాడాలి, ఇంగ్లీషు పద్ధతిలో జీను వేసుకునే గుర్రం ఎక్కాలి అని. ఆ చట్టం రాసిన భాష ఫ్రెంచి! ఈ పాఠం చెప్పిన ప్రతిసారీ క్లాసు నవ్వేది. ఇంకోటి, ఐర్లాండ్‌లో బాగా ఎక్కువగా వినిపించే ఇంటిపేర్లలో వాల్ష్ ఒకటి. దానర్థం వేల్స్ నుంచి వచ్చినవాడు. ఎవరు వచ్చారో ఊరివాళ్ళకి బాగానే తెలుసు.

అసలు "నార్మన్" అనే మాట గురించి

మీ ప్రశ్నలో చిక్కంతా ఈ మాటలోనే ఉంది. హేస్టింగ్స్ సైన్యంలోనే బ్రిటనీవాళ్ళు, ఫ్లాండర్స్‌వాళ్ళు బోలెడు. వాళ్ళ శాసనాల్లో తమని తాము "ఫ్రెంచివాళ్ళు" అని రాసుకున్నారు. ఐర్లాండ్‌కి వచ్చినవాళ్ళని అక్కడివాళ్ళు పరాయివాళ్ళు అనీ, ఇంగ్లీషువాళ్ళు అనీ అన్నారు. "ఆంగ్లో–నార్మన్" అన్నది తర్వాతి చరిత్రకారులు కుట్టిన జుబ్బా. పరీక్షలో ఐర్లాండ్ గురించి రాసేటప్పుడు అదే వాడండి, కానీ ఆనాటి మనిషి ఎవరూ దాన్ని తొడుక్కోలేదని తెలిసి వాడండి.

ఎప్పుడు కలిసిపోయారు అంటే ఒక మంచి ఆనవాలు ఉంది. గెలిచిన కొత్తల్లో ఒంటరిగా దొరికిన నార్మన్లని చంపి పడేసేవాళ్ళు. దానికి విరుగుడుగా ఒక జరిమానా పెట్టారు. హంతకుణ్ణి పట్టివ్వకపోతే ఆ హండ్రెడ్ మొత్తం డబ్బు కట్టాలి, చచ్చినవాడు ఇంగ్లీషువాడని రుజువు చేస్తే తప్ప. 1170ల చివర్లో రాజు ఖజానా అధికారి రిచర్డ్ ఫిట్జ్ నీల్ దీని గురించి రాస్తూ, ఇప్పుడు ఒకళ్ళనొకళ్ళు పెళ్ళిళ్ళు చేసుకుని ఎంత కలిసిపోయారంటే, స్వతంత్రుల్లో ఎవరు ఇంగ్లీషో ఎవరు నార్మనో చెప్పడం కష్టం అన్నాడు. 1204లో ఫ్రాన్సు రాజు నార్మండీనే లాగేసుకున్నాక, ఇక్కడివాళ్ళు వెనక్కి చూసుకోవడానికి ఊరు కూడా లేకుండా పోయింది. అయినా ఆ జరిమానా చట్టం పుస్తకాల్లోంచి పోయింది 1340లో. సర్కారీ కాగితం ఎక్కడైనా అంతే.

చెప్‌స్టో కోటలో చివరగా చూడాల్సినది ఒక జత చెక్క తలుపులు. బయటి వైపు ఇనప రేకు, లోపలి వైపు అడ్డకర్రల అల్లిక. 1962 దాకా అవే వాకిట్లో వేలాడుతూ ఉండేవి, ఇప్పుడు లోపల పెట్టారు. చెక్క వలయాలు లెక్కపెట్టి 1190లలోపువే అని తేల్చారు. అవి పెట్టించింది విలియం మార్షల్ అయి ఉండాలి. అతనికి ఈ కోట ఎలా వచ్చింది? 1189లో స్ట్రాంగ్‌బో–ఈఫాల కూతురు ఇసబెల్‌ని పెళ్ళాడితే వచ్చింది. నార్మండీవాడు మొదలుపెట్టిన కోట, వేల్స్ నేల మీద, ఇంగ్లాండు వైపు చూస్తూ, ఐరిష్ రాజు మనవరాలి చేతిమీదుగా చేతులు మారింది. ఆ సెకండియర్ అమ్మాయి అడిగిన ప్రశ్నకి జవాబు ఆ తలుపు ముందు నిలబడి దొరికింది నాకు. అప్పటికి ఆమె బ్యాచ్ పాసై పదిహేనేళ్ళు.

ఇక బ్రూస్ దగ్గరికి. 1306లో స్కోన్‌లో పట్టం కట్టుకున్న రాబర్ట్ బ్రూస్, డేవిడ్ పిలిచి భూమిచ్చిన బ్రూస్‌కి 180 ఏళ్ళ తర్వాతివాడు. తల్లి కారిక్ ప్రాంతపు గేలిక్ వంశం ఆడపడుచు. సింహాసనం మీద హక్కు వచ్చింది నార్మన్ రక్తం వల్ల కాదు, ఒక ముత్తవ్వ ద్వారా డేవిడ్ వంశం నుంచి. కాబట్టి "నార్మన్ అయ్యుండి స్కాట్లాండ్ కోసం ఎలా పోరాడాడు" అని అడగాల్సిన పనిలేదు. అతను స్కాట్లాండ్ మనిషే, ఇంటిపేరు మాత్రం ఫ్రాన్సు ఊరిది.

1314 జూన్ 23న, స్కాట్లాండ్, ఇంగ్లాండు మధ్య బానక్‌బర్న్ యుద్ధం మొదటి రోజు, ఇంగ్లీషు సైన్యంలోంచి హెన్రీ డి బోహన్ అనే యోధుడు బ్రూస్‌ని ఒంటరిగా చూసి ఈటె దించి గుర్రం దౌడు తీయించాడు. బ్రూస్ చిన్న గుర్రం మీద ఉన్నాడు, చేతిలో గొడ్డలి ఒక్కటే. చివరి క్షణంలో పక్కకి తప్పుకుని రికాబుల మీద లేచి ఒక్క వేటు వేస్తే బోహన్ తల పగిలిపోయింది. అంత సాహసం ఏమిటి ప్రభూ అని తనవాళ్ళు మందలిస్తుంటే, నా మంచి గొడ్డలి కర్ర విరిగిపోయిందే అన్నాడట, అరవై ఏళ్ళ తర్వాత రాసిన స్కాట్ కావ్యంలో అలా ఉంది. చచ్చిపోయిన ఆ ఇంగ్లీషు యోధుడి ఇంటిపేరు ఎక్కడిదో మ్యాపులో వెతకండి. బోహన్ కూడా కొటాంటాన్‌లోని ఊరే. బ్రీ ఉన్న ద్వీపకల్పంలోనే.